వెనకాల ఎవరున్నారని కాదు, ముందు ఎవరు వెళ్ళారని అడగండి



మనవాళ్ళలో ఎవరికైనా మంచి నౌకరీ వచ్చిందన్నా, దుకాణం బాగా నడుస్తోందన్నా ముందు అడిగే సవాల్ ఒకటే: "వాడి వెనకాల ఎవరున్నారు?" ఉర్దూలో దీనికి పుష్త్‌పనాహ్ అని పెద్ద మాటే ఉంది. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు వాస్తా అంటారు. తెలుగులో అండ. మాట ఏదైనా అర్థం ఒకటే: వెనకాల ఒక పెద్దమనిషి నిలబడ్డాడు కాబట్టి వీడు గెలిచాడు. వీడి మెహనత్ సంగతి అడిగేవాళ్ళు తక్కువ.

అమెరికా బేస్‌బాల్‌కి కూడా ఇదే బీమారీ ఉంది. అక్కడ దాని పేరు ప్రొటెక్షన్. ఒక బ్యాటర్ తర్వాత ఆడటానికి వచ్చేవాడు మహా బలవంతుడైతే, ఆ భయంతో బౌలర్ ముందున్నవాడికి మంచి బంతులు వేస్తాడని, దాంతో ముందున్నవాడి ఆట పెరుగుతుందని అక్కడి కోచ్‌లూ ఆటగాళ్ళూ టీవీ వ్యాఖ్యాతలూ గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకంలో నిజం కొంచెమే, వహమ్ ఎక్కువ అని నా రాయ్. ఇంకా చెప్పాలంటే, సాయం చేసేవాడి కోసం వాళ్ళు వెతికేది తప్పు దిక్కులో. మనం కూడా అక్కడే వెతుకుతున్నాం. అందుకే ఈ ఖిస్సా ఇక్కడ చెబుతున్నాను.

డాలస్‌లో, చికాగోలో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలకి ఈ ఆట తెలుసు. ఇక్కడ క్రికెట్ మాత్రమే చూసేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. టీముకి తొమ్మిది మంది బ్యాటర్లు. ఎవరి తర్వాత ఎవరు రావాలో ఆటకి ముందే రాసి ఇస్తారు, ఆ వరుస మారదు. బంతి వేసేవాణ్ని పిచర్ అంటారు. బ్యాటర్‌కి అందాల్సిన హద్దు దాటి నాలుగు చెడ్డ బంతులు వేస్తే, బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళిపోతాడు. దాన్ని వాక్ అంటారు. బ్యాటర్ మరీ ఖతర్నాక్ అనుకుంటే, "నువ్వు కొట్టొద్దు నాయనా, ఊరికే వెళ్ళి బేస్ మీద నిలబడు" అని కావాలనే పంపించేయొచ్చు. అది ఇంటెన్షనల్ వాక్. 2017 నుంచి దానికి నాలుగు బంతులు వేసే పని కూడా లేదు, మేనేజర్ చెయ్యి చూపిస్తే చాలు.

క్రికెట్‌కీ దీనికీ ఒక పెద్ద ఫర్క్ ఉంది. 2010 అక్టోబర్‌లో మొహాలీ టెస్ట్ గుర్తుందా? ఆస్ట్రేలియా మీద 216 కొట్టాలి, 124కే ఎనిమిది వికెట్లు పోయాయి. మన హైదరాబాదీ లక్ష్మణ్ నడుం నొప్పితో 73 నాటౌట్. అవతలి వైపు ఇషాంత్ శర్మ 31 కొట్టి నిలబడ్డాడు. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. క్రికెట్‌లో జోడీ అంటే నిజంగా జోడీ. ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉంటారు, సింగిల్ తీసి స్ట్రైక్ మార్చుకుంటారు, బలహీనుణ్ని బలవంతుడు కాపాడతాడు. బేస్‌బాల్‌లో ఆ సౌలత్ లేదు. తర్వాత రావాల్సినవాడు బయట నిలబడి బ్యాట్ ఊపుకుంటూ చూస్తుంటాడు. అతను ముందువాడి కోసం చేయగలిగింది భయపెట్టడమే. ఆ భయానికి ఎంత విలువ అన్నదే బహస్.

2024లో న్యూయార్క్ యాంకీస్ టీములో హ్వాన్ సోటో, ఆరన్ జడ్జ్ కలిశారు. ఎక్కువ మ్యాచ్‌ల్లో సోటో రెండో నంబర్, జడ్జ్ మూడో నంబర్. ఆ సీజన్‌లో సోటో 41 హోమ్ రన్లు కొట్టాడు, జడ్జ్ 58. సోటో గురించి చాలామంది ఏమన్నారు? "ఎందుకు కొట్టడు? వెనకాల జడ్జ్ ఉన్నాడుగా! సోటోకి వాక్ ఇస్తే జడ్జ్‌ని ఎదుర్కోవాలి. అందుకే పిచర్లు సోటోకి బంతులు వేస్తున్నారు." సీజన్ అయ్యాక సోటో అదే ఊళ్ళోని మెట్స్ టీముకి వెళ్ళిపోయాడు. 15 ఏళ్ళకి 765 మిలియన్ డాలర్ల ఒప్పందం. 2025 మొదటి రెండు నెలలు అతని బ్యాట్ నెమ్మదిగా నడిచింది. వెంటనే తానాలు మొదలయ్యాయి: "చూశారా, జడ్జ్ నీడ పోయింది, అసలు రంగు బయటపడింది."

సీజన్ పూర్తయ్యాక హిసాబ్ చూడండి. సోటో 43 హోమ్ రన్లు. అప్పటిదాకా అతని కెరియర్లో అదే అత్యధికం. జడ్జ్‌తో కలవకముందు 2023లో సాన్ డియేగోలో 35, జడ్జ్ ముందు ఆడినప్పుడు 41, జడ్జ్‌ని వదిలేశాక 43. వాక్‌లు చూస్తే 2023లో 132, 2024లో 129, 2025లో 127. దాదాపు గీత గీసినట్టు ఉంది. అప్పుడు మెట్స్‌లో పీట్ అలోన్సో లాంటి బలవంతుడు ఉండేవాడు కదా అని మీరు అనొచ్చు, ఉండేవాడు. కానీ అలోన్సో జడ్జ్ కాడు. వెనకాల మనిషి మారినా సోటో మారలేదు. సబర్ లేనివాళ్ళు రెండు నెలలు చూసి ఫైసలా చెప్పేశారు, అంతే.

ఒక్క ఆటగాడి లెక్కతో మొత్తం ఫైసలా ఎలా చేస్తారంటారా? సరే, పాత తారీఖ్ తిరగేద్దాం.

బేబ్ రూత్ పేరు బేస్‌బాల్ తెలియనివాళ్ళు కూడా వినుంటారు. 1927లో 60 హోమ్ రన్లు కొట్టాడు. అతని వెనకాల 47 హోమ్ రన్లు కొట్టిన లూ గెరిగ్. "గెరిగ్ అండ ఉంది కాబట్టి" అని చాలా పుస్తకాలు రాశాయి. కానీ గెరిగ్ ఆ టీముకి రాకముందు, 1920లో రూత్ 54 కొట్టాడు, 1921లో 59 కొట్టాడు. 59కీ 60కీ మధ్య ఉన్న ఒక్కదాన్ని కావాలంటే గెరిగ్ ఖాతాలో వేసుకోండి. మారింది వాక్‌ల లెక్క. గెరిగ్ ఇంకా పూర్తిస్థాయి ఆటగాడు కాని 1923లో రూత్‌కి 170 వాక్‌లు ఇచ్చారు, 1927లో 137. అంటే వెనకాల గట్టివాడు ఉంటే రూత్‌ని కాస్త ఎక్కువగా ఆడనిచ్చారు. ఆడనిచ్చినప్పుడు కొట్టింది మాత్రం రూత్ చేతులే.

రోజర్ మారిస్ ఖిస్సా ఇంకా మజాగా ఉంటుంది. 1961లో 61 కొట్టి రూత్ రికార్డు దాటాడు. ఆ ఏడాది మొత్తంలో అతనికి ఒక్క ఇంటెన్షనల్ వాక్ కూడా ఇవ్వలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఎందుకంటే తర్వాత వచ్చేది మికీ మాంటిల్. ప్రొటెక్షన్‌ని నమ్మేవాళ్ళందరికీ ఇదే పెద్ద సబూత్. పైగా 1962 మే నెలలో మాంటిల్ గాయపడి కూర్చుంటే, ఒకే మ్యాచ్‌లో మారిస్‌కి నాలుగు ఇంటెన్షనల్ వాక్‌లు ఇచ్చారు. కాబట్టి భయం అబద్ధం కాదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

అయితే పూర్తి కహానీ వినండి. 1960లో కూడా మారిస్, మాంటిల్ ఒకే టీములో ఉన్నారు. మారిస్ 39 కొట్టాడు. 1961లో 61. 1962లో మాంటిల్ కొన్నాళ్ళు గాయంతో దూరమైనా, తిరిగొచ్చి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి ఇనామ్ తీసుకున్నాడు. ఆ ఏడాది మారిస్ 33. టీములో అదే మాంటిల్, మూడు సంవత్సరాలు, మూడు లెక్కలు: 39, 61, 33. అండే అన్నీ చేస్తే ఈ మూడూ ఒకలాగే ఉండాలి కదా? ఆ ఒక్క ఏడాది మారిస్ దేహం, మనసు, కిస్మత్ మూడూ కలిశాయి. ఆ ఘనతలో సగం తీసి మాంటిల్ జేబులో పెట్టడం బేఇన్సాఫీ.

ఇక బ్యారీ బాండ్స్. అతని మీద నిషేధిత మందుల ఆరోపణల మచ్చ ఉంది, అందుకే హాల్ ఆఫ్ ఫేమ్ ఓట్లలో అతన్ని పక్కన పెట్టారు. అది వేరే బహస్. పిచర్లు అతనికి ఎంత భయపడ్డారో చూడండి. 1998 మే 28న అరిజోనా రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది, చివరి ఇన్నింగ్స్, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి. ఆ స్థితిలో బాండ్స్‌కి కావాలనే వాక్ ఇచ్చారు. అంటే ఒక పరుగు చేతులారా దానం చేశారు. తర్వాతి బ్యాటర్ని అవుట్ చేసి 8-7తో గెలిచారు. 2002లో బాండ్స్ టీములో జెఫ్ కెంట్ అనే గట్టి బ్యాటర్ ఉన్నాడు, ఆ ఏడాది బాండ్స్‌కి 68 ఇంటెన్షనల్ వాక్‌లు. కెంట్ వెళ్ళిపోయాడు. 2004లో 120. మామూలువి కూడా కలిపితే 232 వాక్‌లు. మరి హోమ్ రన్లు? 2002లో 46, 2004లో 45. దర్వాజా మూసేశారు, నిజమే. కానీ దర్వాజా తెరుచుకున్న కాసేపట్లో అతను చేసిన పని ఏమీ తగ్గలేదు.

ఈ విడివిడి కథల్ని వదిలేసి వేల మ్యాచ్‌ల లెక్క తీసినవాళ్ళు కూడా ఉన్నారు. టామ్ టాంగో, మిచెల్ లిక్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ కలిసి రాసిన "ద బుక్"లో తేలింది ఇదే: మంచి బ్యాటర్ వెనకాల బలహీనుడు ఉంటే వాక్‌లు పెరుగుతాయి, కానీ బంతి వేసినప్పుడు ఆ బ్యాటర్ కొట్టే తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2008లో బ్రాడ్‌బరీ, డ్రైనెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. వెనకాల బలవంతుడు ఉంటే పిచర్ ముందువాణ్ని బేస్ ఎక్కనివ్వకూడదని ఇంకా జోర్‌గా వేస్తాడని, దాంతో ముందువాడి అవకాశాలు ఏ కొంచెమో తగ్గుతాయే గానీ పెరగవని చూపించారు. ఆలోచిస్తే సబబే. వెనకాల పులి ఉందంటే ముందున్న మేకని తేలిగ్గా ఎవడు వదులుతాడు?

"అన్నేళ్ళు ఆడిన ఆటగాళ్ళ తజుర్బా అబద్ధమా?" అని అడగొచ్చు. తజుర్బాకి ఇజ్జత్ ఇవ్వాల్సిందే. కానీ ఒక విషయం చూడండి. ఏ మేనేజరైనా మంచి బ్యాటర్లని పక్కపక్కనే పెడతాడు. రెండు, మూడు, నాలుగు నంబర్లలో టీములోని షేర్లందరూ ఉంటారు. కాబట్టి బాగా కొట్టే ప్రతివాడి వెనకాల ఇంకో బాగా కొట్టేవాడు కనిపిస్తాడు. కలిసి కనిపించినంత మాత్రాన ఒకరి వల్ల ఇంకొకరు గొప్పవాళ్ళయ్యారని కాదు. షాదీలో పెళ్ళికొడుకు పక్కన ఎప్పుడూ దోస్తులు ఉంటారు. దోస్తుల వల్ల పెళ్ళి కుదిరిందంటామా?

ఇప్పుడు ముందు ఉన్నవాడి సంగతికి వద్దాం. ఎవరూ పెద్దగా మాట్లాడనిది ఇదే.

బేస్‌బాల్‌లో ఆర్‌బీఐ అని ఒక లెక్క ఉంది. రిజర్వ్ బ్యాంక్ కాదు, ఒక బ్యాటర్ తన దెబ్బతో ఇంటికి చేర్చిన పరుగుల సంఖ్య. బేస్‌ల మీద ముందే మనుషులు ఉంటే ఒక్క దెబ్బకి రెండు, మూడు, నాలుగు పరుగులు వస్తాయి. ఎవరూ లేకపోతే అదే దెబ్బకి ఒక్కటే. 2022లో జడ్జ్ 62 హోమ్ రన్లు కొట్టి లీగ్ రికార్డు సృష్టించాడు, ఆర్‌బీఐ 131. 2024లో హోమ్ రన్లు నాలుగు తగ్గి 58 అయ్యాయి, కానీ ఆర్‌బీఐ 144కి పెరిగింది. ఎందుకంటే అతనికి ముందు సోటో ఉన్నాడు. నూటికి దాదాపు 42 సార్లు ఏదో విధంగా బేస్ ఎక్కే మనిషి. 2025లో సోటో లేడు. జడ్జ్ సగటు .331, అంటే 2024 కంటే మెరుగు. 53 హోమ్ రన్లు. మళ్ళీ అత్యంత విలువైన ఆటగాడి ఇనామ్. కానీ ఆర్‌బీఐ 114. తగ్గిన 30లో కొన్ని తగ్గిన హోమ్ రన్ల వల్ల పోయాయి. మిగతావాటిలో పెద్ద వాటా ముందు బేస్ మీద నిలబడే మనిషి లేకపోవడం వల్లే అని నా అంచనా.

ఇంకో లెక్క చూడండి. 2024లో జడ్జ్‌కి 20 ఇంటెన్షనల్ వాక్‌లు, 2025లో 36. అది అమెరికన్ లీగ్ రికార్డు. వెనకాల అండ తగ్గిందని కొందరు అంటారు. నాకు కనిపించే కారణాల్లో ఒకటి ఇది: మొదటి బేస్ మీద సోటో నిలబడి ఉంటే జడ్జ్‌కి కావాలని వాక్ ఇవ్వడం ఖరీదైన పని. ఇస్తే సోటో ముందుకి జరుగుతాడు, ఇద్దరు మనుషులు బేస్‌ల మీద కూర్చుంటారు. మొదటి బేస్ ఖాళీగా ఉంటే జడ్జ్‌ని పక్కకి తప్పించడం సులువు. అంటే జడ్జ్‌కి ఆడే మౌకా ఇప్పించింది తర్వాత వచ్చేవాడే కాదు, ముందు వెళ్ళి బేస్ మీద కాళ్ళు నాటినవాడు కూడా. మొదటి బేస్ మీద మనిషి ఉంటే అక్కడి ఫీల్డర్ అతన్ని కాపలా కాస్తూ బేస్‌కి అంటుకుపోవాలి, ఆ పక్కన జాగా ఖాళీ అవుతుంది, బంతి దూరిపోవడానికి సందు దొరుకుతుంది. ఇది నిజమైన సహారా. కంటికి కనిపిస్తుంది, లెక్కకి అందుతుంది.

చిత్రం చూడండి. లోకం "జడ్జ్ వల్ల సోటో" అన్నది. కాగితం మీద ఉన్నది "సోటో వల్ల జడ్జ్" అని.

ఇప్పుడు మన ఇళ్ళకి రండి.

మొదట ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. వెనకాల ఎవరూ లేనివాడికి దర్వాజా తెరుచుకోదన్నది మన ఖౌమ్‌కి బేస్‌బాల్ చూసి నేర్చుకోవాల్సిన సంగతి కాదు. పట్నంలో అద్దె ఇల్లు వెతికినప్పుడు పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం" అన్న జవాబు విన్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు? అక్కడ తెలిసినవాళ్ళు ఒకరు ఫోన్ చేస్తే తలుపు తెరుచుకోవచ్చు. ఆ పని చేసే పెద్దలకి షుక్రియా చెప్పాల్సిందే. బేస్‌బాల్‌లో ఆడనివ్వకపోతే కనీసం మొదటి బేస్ చేతికిస్తారు. మనకి తలుపు మూసినప్పుడు ఆ పరిహారం కూడా ఉండదు. కాబట్టి అండ అవసరం లేదని నేను అనడం లేదు. అండ చేసేది తలుపు తెరవడం వరకే. లోపలికి వెళ్ళాక పరీక్ష రాసేది, మిషన్ నడిపేది, రోగికి సూది వేసేది ఆ పిల్లో పిల్లాడో. వాళ్ళ కమాయీ వాళ్ళది. దాన్ని తీసుకెళ్ళి "ఫలానా మామూ మాట సాయం" అనే ఖాతాలో వేయకండి. అలా వేసినప్పుడల్లా ఆ బిడ్డ మెహనత్‌ని మనమే చిన్నది చేస్తాం. మామూ లేని ఇంకో బిడ్డకి "నీ వల్ల కాదు" అని చెప్పినట్టూ అవుతుంది.

రెండోది, ఇంకా పెద్దది. ముందు వెళ్ళినవాళ్ళు.

ఇంట్లో చిన్నోడు ఇంజనీర్ అయ్యాడు. దావత్‌లో అందరూ పొగిడేది ఎవర్ని? సీటు విషయంలో ఒక ఫోన్ చేసిన పెద్దాయన్ని. పదో తరగతితో చదువు ఆపేసి మెకానిక్ షెడ్డులో చేరిన భాయీజాన్ వంట దగ్గర డేగ్‌లు మోస్తుంటాడు. తన ఇంటర్ ఫీజు మానుకుని కుట్టు మిషన్ ఎక్కిన ఆపా లోపల ప్లేట్లు సర్దుతుంటుంది. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఎన్ని ఇళ్ళల్లో అమ్మీజాన్ చుట్టిన బీడీల మీద పిల్లల చదువులు నడవలేదు? ఎంతమంది అన్నలు దుబాయ్ క్యాంపుల్లో పన్నెండేసి మంది ఒక గదిలో పడుకుని తమ్ముళ్ళ ఫీజులు కట్టలేదు? వీళ్ళు వెనకాల నిలబడి ఎవర్నీ భయపెట్టలేదు. వీళ్ళ పేరు చెబితే ఏ ఆఫీసరూ లేచి నిలబడడు. వీళ్ళు ముందే వెళ్ళి బేస్‌ల మీద నిలబడ్డారు. చిన్నోడి ఒక్క దెబ్బకి ఇంటికి నాలుగు పరుగులు వచ్చాయంటే, అందులో మూడు వీళ్ళ కాళ్ళతో పరిగెత్తినవే.

ఇందులో ఒక బారీక్ సంగతి ఉంది. చిన్నోడి మెహనత్ చిన్నోడిదే అని పైన నేనే అన్నాను. ఇప్పుడు అన్నలదీ అక్కలదీ అంటున్నాను. రెండూ నిజమే. చిన్నోడు ఎంత బాగా కొట్టాడన్నది అతని లెక్క. ఆ దెబ్బకి ఇంటికి ఎంత లాభం వచ్చిందన్నది అందరి లెక్క. జడ్జ్ సగటు సోటో లేకపోయినా పెరిగింది, కానీ టీముకి చేర్చిన పరుగులు తగ్గాయి. ఈ రెంటినీ కలిపేస్తేనే గడబిడ. అలా కలిపేసినందుకే ఇళ్ళల్లో అన్నదమ్ములు "నేను చదివించాను" అంటే "నేను చదివాను" అని జీవితమంతా రుసరుసలాడుకుంటారు. ఇద్దరిదీ సచ్చే. లెక్క రాసే గడులు వేరు, అంతే.

ఈ విషయంలో బేస్‌బాల్ స్కోర్‌కార్డు మనకన్నా ఇన్సాఫ్ గలది. ఒక దెబ్బకి పరుగు వస్తే అది రెండు చోట్ల రాస్తారు. కొట్టినవాడి పేరు ముందు ఆర్‌బీఐ గడిలో ఒకటి, పరిగెత్తి ఇంటికి చేరినవాడి పేరు ముందు రన్ గడిలో ఒకటి. 2024లో సోటో పేరు ముందు 128 రన్లు ఉన్నాయి. అందులో కొన్ని అతని సొంత హోమ్ రన్లు, మరెన్నో వెనకున్నవాళ్ళు కొడితే అతను పరిగెత్తినవి. కొట్టినవాడి ఘనత తగ్గలేదు, పరిగెత్తినవాడి హక్ పోలేదు. బయట నిలబడి బ్యాట్ ఊపినవాడికి మాత్రం ఆ పరుగులో ఏ గడీ లేదు.

వచ్చే దావత్‌లో ఎవరి బిడ్డకో హార్ వేస్తారు, వేయండి. ఫోన్ చేసిన పెద్దాయనకి ఒక షుక్రియా, ఒక కప్పు చాయ్ ఇవ్వండి. తర్వాత వంటింట్లో ఉన్న ఆ ఆపాని, డేగ్ దగ్గర ఉన్న ఆ భాయీని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి దస్తర్‌ఖాన్ మీద మొదటి వరుసలో కూర్చోబెట్టండి. వాళ్ళ గడి చాలా ఏళ్ళుగా ఖాళీగా ఉంది.

ఖుదా హాఫిజ్.